లక్షా తొంబై ఒక్క వేలు

ప్రమోషనిచ్చి చిత్తూరు ట్రెజరీకి ఏసినారు.
ఇల్లు తిరుపతి, కొర్లగుంటలో.
పొయ్యేది డెబ్బై, వచ్చేది డెబ్బై.
ఆర్నెల్లు బస్సులో తిరిగినాక
నడుము నాతో మాట్లాడడం మానేసింది.
"కారు చూద్దాం" అన్నాడు గుణశేఖర్
పెళ్ళిచూపులకు పొయ్యేవాడి మాదిరి గడ్డం గీసుకుని.

ఇంక చూడు, ఊరంతా ఇంజనీర్లే.
లోకనాథం సారు: "డీజిలే తీసుకోమ్మా, రోడ్డు మింద పట్టుంటుంది."
ఎదురింటామె: "కరెంటు బండి మేలు,
రాత్రి సెల్లుఫోను మాదిరి గుచ్చిపెడితే సరి."
ఆడబిడ్డ మొగుడు: "గ్యాసుదైతే రూపాయికి రూపాయి మిగులు."
డిక్కీ నిండా సిలిండరుంటే
మామిడికాయల బుట్ట యాడ పెట్టేదని
ఎవురూ అడగలేదు.

రేణిగుంట రోడ్డు షోరూములో
టై కట్టుకున్న పిల్లోడు
పైకప్పు తెరిచి ఆకాశం చూపించినాడు.
నాయనా, ఆకాశం నాకు పూతలపట్టు దాకా ఉచితంగానే వస్తుంది,
నువ్వు లైట్లేసి చూపించు.
పెరటాసి నెలలో, పొద్దు గుంకినాక,
పసుపుగుడ్డలు కట్టుకుని రోడ్డంచునే
కొండకు నడిచొచ్చే అరవదేశం మనుషులు
ఎంత దూరం నుంచి కనపడతారో చెప్పు.
తోతాపురి లోడుతో, వెనక లైటు లేకుండా
నా ముందర ట్రాక్టరు టక్కున ఆగితే
బ్రేకు అందుతుందా, అది చెప్పు.
వాడు రంగురంగుల కాగితంలో వెతికినాడు.
కాగితంలో లేదు.

రాత్రి పాల చిట్టా వెనక పేజీలో లెక్కేసినాను.
ట్రెజరీదాన్ని కదా, వేళ్ళు ఊరుకోవు.
రోజుకు నూటనలభై,
ఏడాదికి రెండొందల ఎనభై రోజులు,
సర్వీసు ఇంకా పదేళ్ళు.
మూడు లక్షల తొంబై రెండు వేలు.
గాదంకి టోలు వేరే.
మా చిన్నది భుజం మీంచి తొంగిచూసి
"మా, చందమామ ఇంతకంటే దగ్గరే" అనింది.
నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
చందమామను దాటి పోతాను,
చిత్తూరు మాత్రం దాటను.

మొహిద్దీన్ షెడ్డులో ఒక పాతది ఉంది, బూడిదరంగు.
"బానెట్టు తర్వాత చూద్దువు మేడం, ముందు కూచో."
కూచున్నాను.
సీటు ఎడమపక్క కొంచెం కుంగింది,
ఎవరి బరువో, ఎవరి నడుంనొప్పో
నాదాని మాదిరే ఒకపక్కకు ఒరిగి.
"పలమనేరు ఇస్కూల్లో లెక్కల సారుది.
చిత్తూరు నుంచి తొమ్మిదేళ్ళు తిరిగినాడు.
మొన్న రిటైరైపొయ్యె."

ముందర అరలో
అడుగంటిన తలనొప్పి మందు డబ్బీ,
నాలుగు చెనక్కాయ తొక్కలు,
దారంతో పెన్సిలు కట్టిన నోటుపుస్తకం.
తేదీ, లీటర్లు, కిలోమీటర్లు,
పేజీ తర్వాత పేజీ, ఒక్క కొట్టివేత లేదు.
ఒకచోట మటుకు, అంకెల నడుమ,
దారి తప్పిన మాదిరి ఒక మాట:
"మొగిలి ఘాట్లో ఏనుగులు. ఇంజను ఆపి ఇరవై నిమిషాలు.
ఇస్కూలుకు లేటు. మంచిదే."

మీటరు చూసినాను.
లక్షా తొంబై ఒక్క వేలు.
సగం దారి ఎవరో తోలేసి పెట్టినారు.
"ఇంకో రెండు లక్షలు దిగులు లేదు మేడం,
ఆ పైన నా పూచీ కాదు"
చేతుల గ్రీజు తుడుచుకుంటా చెప్పినాడు మొహిద్దీన్.
నాకూ అంతే కావాల,
అక్కడ దిగేదాకా.
తిరిగొచ్చేదానికి వేరే బండి చూసుకుంటాను.

గుణశేఖర్ రంగు బాగలేదన్నాడు.
ఐదువేలు తగ్గించమంటే మూడు తగ్గించినాడు.
సారు అద్దం నాకు ఎత్తైంది, దించుకున్నాను.
కొత్త పేజీ తిప్పబుద్ధి కాలేదు.
ఆయన ఆఖరి లైను కిందనే
ఆ పెన్సిలుతోనే
తేదీ వేసినాను.